అమెరికా చార్టులు, మన డెస్కు: కోడింగ్, బిల్లింగ్ పనిలో హిపా దాటకుండా ఉండడం ఎలా

అమెరికా ఆసుపత్రుల బిల్లుల కోసం జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేస్తూ (అదే కోడింగ్), హైదరాబాద్, విశాఖ ఫ్లోర్లలో కూర్చుని మనవాళ్లు చదివే చార్టు, అంటే రోగి రికార్డు, వెనక ఒక మనిషి ఉంటాడు. ఆయన మిమ్మల్ని ఎప్పుడూ చూడడు. ఆయన జబ్బు, వాడే మందు, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోని సంగతి మాత్రం మీ మానిటర్ మీద ఉంటాయి. చేరిన వారంలో హిపా (రోగుల సమాచారాన్ని గోప్యంగా ఉంచాలనే అమెరికా చట్టం) గురించి ఒక పూట ట్రైనింగ్ ఇచ్చి, చివర చిన్న పరీక్ష పెట్టి ప్రొడక్షన్‌లోకి పంపేస్తారు. ఆ పరీక్షలో ఎవరూ తప్పరు. తప్పులన్నీ ఆ తర్వాత, టార్గెట్ పూర్తి చేయాలన్న తొందరలో జరుగుతాయి. అందుకే ఈ గైడ్ చట్టం పుస్తకంలా కాకుండా, షిఫ్టులో మీ చేతికి పని వచ్చే వరసలోనే నడుస్తుంది.

1. చట్టం దృష్టిలో మీరెవరో తెలుసుకోండి

హిపా 1996లో వచ్చిన అమెరికా సమాఖ్య చట్టం. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు పీ ఒకటే, చివర ఏలు రెండు. రెజ్యూమెలో ఇది తప్పు రాస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్ల కంట్లో మొదట అదే పడుతుంది. డాక్టర్లు, ఆసుపత్రులు, ఆరోగ్య ఇన్సూరెన్స్ కంపెనీలు, వీళ్ల మధ్య క్లెయిములు చేరవేసే క్లియరింగ్‌హౌస్‌లు ‘కవర్డ్ ఎంటిటీ’లు. వాళ్ల తరఫున బిల్లింగో కోడింగో చేసే కంపెనీ ‘బిజినెస్ అసోసియేట్’. ఆ కంపెనీ నుంచి పని తీసుకున్న సబ్‌కాంట్రాక్టర్ కూడా 2013 నాటి ఆమ్నిబస్ రూల్‌తో అదే బాధ్యత కిందికి వచ్చాడు. వీళ్ల మధ్య ఉండే ఒప్పందం పేరు బీఏఏ (బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్).

మీరు ఆ ఒప్పందం చదవనక్కర్లేదు. కానీ ప్రాజెక్టులో చేరిన మొదటి వారంలోనే టీఎల్‌ని (టీమ్ లీడర్‌ని) మూడు విషయాలు అడిగి రాసుకోండి. ఏదైనా పొరపాటు జరిగితే ఎన్ని గంటల్లో, ఎవరికి చెప్పాలి? ఈ క్లయింట్ పనిలో ఆఫ్‌షోర్ (అమెరికా బయట) చేయకూడని భాగం ఏదైనా ఉందా? ఇంటి నుంచి పని అయితే ఏ అడ్రసు నుంచి లాగిన్ అవ్వాలి?

రెండో ప్రశ్న ఎందుకంటే, అమెరికాలో కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఒప్పందాలు రోగుల డేటా అమెరికా దాటకూడదని రాసుకుంటాయి. మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు ఆఫ్‌షోర్ సబ్‌కాంట్రాక్టర్ల వివరాలు ఈ పథకాలు చూసే సమాఖ్య సంస్థ సీఎంఎస్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. మూడో ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సంక్రాంతికి ఊరెళ్లి, అక్కడ మావయ్యగారి ఇంటి వైఫై మీద రెండు రోజులు పనిచేసేస్తారు. కంపెనీ అనుమతించిన అడ్రసు కాకపోతే మీ పని ఎంత బాగున్నా అది ఉల్లంఘనే. ముందు మెయిల్ పెట్టి అనుమతి తీసుకోండి, లేదంటే లీవు పెట్టండి.

అమెరికా చట్టం ఇక్కడున్న మనల్ని ఏం చేస్తుందిలే అన్న మాట కూడా ఫ్లోర్‌లో వినిపిస్తుంది. మన ఐటీ చట్టం, 2000లో 72ఏ సెక్షన్ ఉంది. ఒప్పందం కింద చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, నష్టం జరుగుతుందని తెలిసి కూడా బయటపెడితే 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఔట్‌సోర్సింగ్‌లో వచ్చే విదేశీయుల డేటాకు చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది కానీ, ఆ డేటాను భద్రంగా ఉంచాల్సిన బాధ్యతను మాత్రం తీసేయలేదు.

2. పేరు కొట్టేస్తే సరిపోదు: పీహెచ్ఐని గుర్తుపట్టడం

ఆరోగ్య సమాచారం, దానితోపాటు అది ఎవరిదో చెప్పే గుర్తు. ఈ రెండూ కలిస్తే పీహెచ్ఐ. గుర్తులు తీసేయడానికి హిపా ‘సేఫ్ హార్బర్’ అనే పద్ధతి చెప్పింది, అందులో 18 రకాల గుర్తులున్నాయి. పేరు, ఫోన్, ఈమెయిల్, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), ఎంఆర్ఎన్ (మెడికల్ రికార్డ్ నంబరు), మెంబర్ ఐడీ, అకౌంట్ నంబరు, ఫొటో, వేలిముద్ర అందరికీ గుర్తుంటాయి. పరీక్షలో, పనిలో కూడా జారిపోయేవి వేరే ఉన్నాయి.

తేదీలు: పుట్టిన రోజు ఒక్కటే కాదు. డీవోఎస్ (సేవ అందిన తేదీ), అడ్మిషన్, డిశ్చార్జి, మరణం, అన్నిట్లో సంవత్సరం తప్ప మిగతాది తీసేయాలి. వయసు: 89 దాటితే అంకె ఉండకూడదు, ‘90, ఆపైన’ అనాలి. ప్రాంతం: రాష్ట్రం కంటే చిన్నది ఏదైనా గుర్తే. ఊరు, కౌంటీ కూడా. జిప్‌కోడ్‌లో మొదటి మూడంకెలు ఉంచవచ్చు, అదీ ఆ మూడంకెల ప్రాంతంలో 20,000 మందికి పైగా ఉంటేనే. పేస్‌మేకర్, ఇంప్లాంట్ సీరియల్ నంబర్లు: ఆపరేషన్ నోట్‌లో చివర చిన్న స్టిక్కరులా ఉంటాయి, ఎవరి కంటా పడవు.

ఇది ఎక్కువగా పనికొచ్చేది డౌట్ అడిగేటప్పుడు. వాట్సాప్, టెలిగ్రామ్ కోడింగ్ గ్రూపుల్లో ‘పేరు తీసేశాను కదా’ అని ఇలాంటివి పెడుతుంటారు:

‘క్లీవ్‌లాండ్, 93 ఏళ్ల రిటైర్డ్ ఫైర్ చీఫ్, ఫిబ్రవరి 11న మెట్ల మీద పడి ఎడమ తుంటి విరిగింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఫాలోఅప్. సెవెంత్ క్యారెక్టర్ ఏది?’

పేరు లేదు. కానీ ఊరుంది, 89 దాటిన వయసుంది, తేదీ ఉంది, ఊళ్లో ఒకరిద్దరికి మాత్రమే సరిపోయే ఉద్యోగం ఉంది. ఆ ఊళ్లో పేపరు చదివేవాళ్లెవరైనా మనిషిని పట్టేస్తారు. అసలు ప్రశ్నకు (కోడ్‌లో ఏడో అక్షరం, అంటే చికిత్స ఏ దశలో ఉందో చెప్పే గుర్తు, ఏదని) వీటిలో ఒక్కటీ అవసరం లేదు. ఇలా అడిగితే చాలు: ‘తుంటి ఎముక విరిగి సర్జరీ అయిన పేషెంటు మామూలు హీలింగ్ ఫాలోఅప్‌కి వస్తే సెవెంత్ క్యారెక్టర్ ఏ నా, డీ నా?’ జవాబు డీ అని రావడానికి ఈ ఒక్క వాక్యం సరిపోతుంది.

స్క్రీన్‌షాట్ మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. నల్లగీత గీసిన స్క్రీన్‌షాట్ కూడా వద్దు. ఫోన్‌లో హైలైటర్ టూల్‌తో కొట్టేసిన అక్షరాలను బ్రైట్‌నెస్ పెంచి చదివేయవచ్చు. చార్టు పేరాను కాపీ చేసి బయటి ఏఐ చాట్‌బాట్‌లో వేయడం కూడా అంతే: ఆ కంపెనీతో బీఏఏ లేకపోతే మీరు రోగి సమాచారాన్ని మూడో మనిషికి ఇచ్చినట్టే. అన్నిటికన్నా ముందు అడగాల్సింది మీ ఎస్ఎంఈని (టీమ్‌లోని సబ్జెక్టు నిపుణుడిని). చాలా క్లయింట్ ఒప్పందాలు గుర్తులు తీసిన సమాచారాన్ని కూడా బయట పెట్టనివ్వవు.

3. లాగిన్ అంటే మీ సంతకం

హిపా సెక్యూరిటీ రూల్ ప్రకారం ప్రతి మనిషికీ వేరే యూజర్ ఐడీ ఉండాలి. ఎవరు ఏ చార్టు ఏ నిమిషంలో తెరిచారో లాగ్‌లో పడుతుంది. కొత్తగా చేరిన కొలీగ్‌కు యాక్సెస్ ఇంకా రాలేదని మీ లాగిన్ ఇచ్చారనుకోండి, వాళ్లు తెరిచిన ప్రతి చార్టూ మీరు తెరిచినట్టే నమోదవుతుంది. రేపు ఆడిట్‌లో ‘నేను కాదు’ అని నిరూపించుకునే దారి ఉండదు. యాక్సెస్ రాకపోతే టికెట్ పెట్టమనండి, ఆ రోజు ప్రొడక్షన్ తగ్గినా ఫరవాలేదు.

ఓటీపీ అడిగినా చెప్పకండి. 2024 ఫిబ్రవరిలో చేంజ్ హెల్త్‌కేర్ మీద జరిగిన సైబర్ దాడి అమెరికా క్లెయిమ్ వ్యవస్థను వారాల తరబడి కుదిపేసింది. దొంగలు దొరికిన పాస్‌వర్డ్‌తో ఒక రిమోట్ యాక్సెస్ పోర్టల్‌లోకి వచ్చారు. ఆ పోర్టల్‌కు మల్టీఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ లాంటి రెండో తనిఖీ) లేదు. రోజూ విసుగు పుట్టించే ఆ ఆరంకెల కోడ్ కాపాడేది ఇలాంటి దాడి నుంచే.

మీకు కేటాయించని చార్టు తెరవకండి. సెలబ్రిటీ పేరు కనబడినా, అమెరికాలో ఉన్న మీ అక్కయ్య అదే ఆసుపత్రికి వెళ్తుందని తెలిసినా సరే. సెలబ్రిటీల చార్టులను ఉద్యోగులు పనిలేకుండా చూసిన వ్యవహారంలో యూసీఎల్ఏ ఆసుపత్రి వ్యవస్థ 2011లో 8,65,500 డాలర్లు కట్టింది. మీ వర్క్ క్యూలోనే మీ బంధువు చార్టు వస్తే తెరవకుండా టీఎల్‌కి చెప్పి వేరేవాళ్లకు మార్పించండి.

ఇక మాటలు. షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లో ‘ఇవాళ ఒక విచిత్రమైన కేసు వచ్చింది’ అని మొదలుపెట్టకండి. ఇంట్లో పనిచేస్తుంటే మానిటర్‌ను గోడకు ఆనించి కాదు, మీ వెనక గోడ ఉండేలా పెట్టుకోండి. లేచినప్పుడల్లా విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి లాక్ చేయండి. నోట్‌ప్యాడ్ మీద ఎంఆర్ఎన్ రాసుకునే అలవాటుంటే మానేయండి.

4. అడిగినంతే పంపండి

హిపాలో ‘మినిమమ్ నెసెసరీ’ అనే నియమం ఉంది: పనికి కావలసినంత సమాచారమే చూడాలి, కావలసినంతే ఇవ్వాలి. ఒక డాక్టరు మరో డాక్టరుకు చికిత్స కోసం పంపేదానికి ఇది వర్తించదు. బిల్లింగ్‌కు వర్తిస్తుంది. డినయల్ (ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడం) మీద రికార్డులు పంపేటప్పుడే ఇది ఎక్కువగా తప్పుతుంది, కాబట్టి వరసగా చూద్దాం.

ఒక క్లెయిమ్ సీవో-252 అనే డినయల్ కోడ్‌తో వెనక్కి వచ్చిందనుకోండి, అంటే డాక్యుమెంటు కావాలని. మొదట పేయర్ (ఇన్సూరెన్స్ కంపెనీ) లెటర్‌లో ఏ డీవోఎస్, ఏ డాక్యుమెంటు అడిగారో చదవండి. ఆపరేషన్ నోట్ అడిగితే ఆపరేషన్ నోటే. తొందర ఉన్నవాళ్లు చార్టు మొత్తం పీడీఎఫ్ చేసి పంపేస్తారు. 140 పేజీల్లో 3 పేజీలే కావాలి, మిగతా 137 పేజీల్లో ఆ మనిషి డిప్రెషన్ మందులు, ఎప్పుడో చేయించుకున్న అబార్షన్, ఏదైనా ఉండవచ్చు.

తర్వాత తీసిన ప్రతి పేజీ హెడర్‌లో పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. ప్రతి పేజీ. స్కానింగ్‌లో వేరే రోగి పేజీ మధ్యలో కలిసిపోవడం తరచూ జరుగుతుంది, అది దొరికేది ఇక్కడే. దొరికితే పక్కన పెట్టి కంప్లయన్స్‌కు (నియమాల అమలు చూసే విభాగానికి) చెప్పండి. ఆ పేజీ ఎవరిదో ఆ రోగి చార్టులో లోటుగా ఉంటుంది, అది చికిత్సకే ప్రమాదం.

ఫ్యాక్స్ నంబరు పాత క్లెయిమ్ నోట్స్‌లోంచి తీసుకోకండి. ఈ లెటర్‌లో ఉన్నదో, పేయర్ పోర్టల్‌లో ఉన్నదో వాడి, అంకెలు రెండుసార్లు చదవండి. కవర్ పేజీ మీద రోగి పేరు, డయాగ్నసిస్ రాయకండి, క్లెయిమ్ నంబరు లోపలి పేజీలో ఉంటే చాలు. పంపాక కన్ఫర్మేషన్ సేవ్ చేసి, ఏ పేజీలు, ఎన్ని, ఎప్పుడు, ఏ నంబరుకు పంపారో అకౌంట్ నోట్స్‌లో రాయండి.

మూడు రకాల రికార్డులు చూస్తే చెయ్యి ఆపి పైవాళ్లను అడగండి. ఒకటి, సైకోథెరపీ నోట్స్: వీటికి రోగి విడిగా సంతకం పెట్టిన ఆథరైజేషన్ కావాలి. రెండు, మద్యం, డ్రగ్స్ వ్యసన చికిత్స కార్యక్రమాల రికార్డులు: వీటికి ‘పార్ట్ 2’ అనే వేరే సమాఖ్య నిబంధన ఉంది. మూడు, రోగి పూర్తి బిల్లు సొంత డబ్బుతో కట్టి, ఆ సేవ గురించి ఇన్సూరెన్స్‌కు చెప్పవద్దని కోరినవి: ఆ కోరికను ప్రొవైడర్ (డాక్టరు లేదా ఆసుపత్రి) మన్నించి తీరాలి. అకౌంట్ మీద ఆ ఫ్లాగ్ చూడకుండా క్లెయిమ్ వేసేస్తే, ప్రొవైడర్ రోగికి ఇచ్చిన మాట మీరు తప్పించినట్టు.

ఫోన్‌లో కూడా ఇదే కొలత. రోగి ఫోన్ చేస్తే వివరాలు వాళ్లతోనే చెప్పించండి. ‘మీ పుట్టిన తేదీ మార్చి 14 కదా?’ అని మీరే చదివితే, అవతల ఎవరున్నా ‘అవును’ అంటారు. వాయిస్‌మెయిల్‌లో క్లినిక్ పేరు, తిరిగి చేయాల్సిన నంబరు చాలు. ఏ టెస్టు బిల్లో చెప్పకండి.

5. రాసినదే కోడ్ చేయండి

ప్రైవసీ గురించి అందరూ చెబుతారు, దీని గురించి తక్కువ చెబుతారు. నిజానికి కోడర్‌ని పెద్ద చిక్కులో పడేసేది ఇదే. అమెరికా ప్రభుత్వానికి తప్పుడు క్లెయిమ్ వేస్తే ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ వర్తిస్తుంది. 1863 నాటి చట్టం. నష్టానికి మూడు రెట్లు, దానిపై ఒక్కో క్లెయిమ్‌కు 10,000 డాలర్లు దాటిన జరిమానా. ‘నాకు తెలియదు’ అనేది ప్రతిసారీ రక్షణ కాదు: కావాలని తెలుసుకోకుండా ఉండడం, బొత్తిగా ఖాతరు చేయకుండా వదిలేయడం కూడా ‘తెలిసి చేసినట్టే’ లెక్క.

క్లినిక్ విజిట్ నోట్‌లో డాక్టరు ఇలా రాశారు: ‘దగ్గు, జ్వరం. రూల్ అవుట్ న్యుమోనియా. ఎక్స్‌రే రాశాను.’ ఔట్‌పేషెంట్‌లో ‘ప్రాబబుల్’, ‘సస్పెక్టెడ్’, ‘రూల్ అవుట్’ (ఉందో లేదో తేల్చాలి) అన్నవాటిని కోడ్ చేయకూడదని ఐసీడీ-10-సీఎం (అమెరికాలో వాడే జబ్బుల కోడ్‌లు) గైడ్‌లైన్స్ చెబుతాయి. కాబట్టి దగ్గు ఆర్05.9, జ్వరం ఆర్50.9. న్యుమోనియా కోడ్ జె18.9 వేస్తే ఎక్స్‌రేకు డబ్బు సులువుగా రావచ్చు, కానీ లేని న్యుమోనియా ఆ మనిషి రికార్డులో ఉండిపోతుంది. అదే ఇన్‌పేషెంట్‌లో, డిశ్చార్జి నాటికి కూడా ‘ప్రాబబుల్ న్యుమోనియా’ అనే ఉంటే, ఉన్నట్టుగానే కోడ్ చేయాలి. ఈ తేడా తెలియక ఔట్‌పేషెంట్ నుంచి ఇన్‌పేషెంట్‌కు మారినవాళ్లు రెండు వైపులా తప్పుతారు. హెచ్ఐవీకి మాత్రం ఇన్‌పేషెంట్ మినహాయింపు కూడా లేదు: నిర్ధారణ అయినట్టు ప్రొవైడర్ రాస్తేనే హెచ్ఐవీ కోడ్‌లు బి20 గానీ జెడ్21 గానీ వేయాలి. అనుమానం మీద ఈ కోడ్ వేయడం ఒక మనిషి బతుకును తలకిందులు చేయగలదు.

డినయల్ టీమ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో ఉచ్చు సీవో-50, అంటే మెడికల్ నెసెసిటీ లేదని. పేయర్ పాలసీ తెరిచి, కవర్ అయ్యే డయాగ్నసిస్ జాబితాలోంచి ఒకటి ఏరి క్లెయిమ్ సరిచేసి పంపడం చూడ్డానికి తెలివైన పనిలా ఉంటుంది. చార్టులో ఆ డయాగ్నసిస్ లేకపోతే అది కల్పన. చేయాల్సింది: చార్టు మళ్లీ చదవండి. ఆ డయాగ్నసిస్ ఉండి మొదటిసారి మిస్సయితే సరిచేసి పంపండి. సూచనలున్నా డాక్టరు స్పష్టంగా రాయకపోతే క్వెరీ (డాక్టరుకు రాతపూర్వక ప్రశ్న) పంపండి. ఏదీ లేకపోతే డినయల్ సరైనదేనని నోట్ రాసి పైకి పంపండి.

క్వెరీ రాయడంలోనే అసలు నేర్పు. ‘డాక్టర్ గారూ, సెప్సిస్ అని రాస్తే డీఆర్‌జీ పెరుగుతుంది, కలపగలరా?’ అన్నది మీకు కావలసిన జవాబునే డాక్టరు చేత చెప్పించే ప్రశ్న, పైగా డబ్బు సంగతి ఎత్తింది (డీఆర్‌జీ అంటే ఆసుపత్రికి ఎంత చెల్లించాలో తేల్చే గ్రూపు). క్వెరీలో డబ్బు ప్రస్తావనే రాకూడదు. ఇలా రాయండి: ‘టెంపరేచర్ 102.4, డబ్ల్యూబీసీ 18,000, లాక్టేట్ 3.1, బ్లడ్ కల్చర్ తీశారు, ఐవీ యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. ఈ ఫైండింగ్స్‌కు మీ క్లినికల్ డయాగ్నసిస్ ఏమిటో డాక్యుమెంట్ చేయగలరా?’ ఆప్షన్లు ఇస్తే క్లినికల్‌గా సరిపోయేవన్నీ ఇచ్చి, ‘ఇతరం’, ‘నిర్ధారించలేం’ కూడా పెట్టండి. డాక్టరు కలిపే అడెండం (తర్వాత చేర్చే నోట్) మీద రాసిన నాటి తేదీయే ఉండాలి. పాత తేదీ వేసి పంపితే దాన్ని ఆధారంగా తీసుకోకుండా కంప్లయన్స్‌కు పంపండి.

మోడిఫయర్ 25, 59 (ఇది వేరే సేవ అని చెప్పడానికి కోడ్‌కు తగిలించే అంకెలు) కూడా ఇక్కడివే. ఎడిట్ (బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తనిఖీ) దగ్గర క్లెయిమ్ ఆగిందని 59 తగిలించకండి. వేరే సైట్, వేరే సెషన్, వేరే గాయం, ఏదో ఒకటి నోట్‌లో కనబడాలి. టార్గెట్ ఎంత ఉన్నా ఈ ఒక్క చూపు మానకండి. డబ్బు వచ్చేశాక తప్పు కనబడినా వదిలేయకండి. మెడికేర్ ఎక్కువగా ఇచ్చిన సొమ్మును, గుర్తించాక 60 రోజుల్లో తిరిగివ్వాలి, వెనక్కి 6 ఏళ్ల వరకు. తెలిసి ఉంచుకుంటే అదే ఫాల్స్ క్లెయిమ్ అవుతుంది.

6. పొరపాటు జరిగిన మొదటి గంట

ఒక క్లయింట్‌కు పంపాల్సిన స్ప్రెడ్‌షీట్ మరో క్లయింట్‌కు వెళ్లిపోయింది. మెయిల్ ఆటోఫిల్ మొదటి రెండక్షరాలకే పేరు తెచ్చిపెడితే ఎంటర్ నొక్కేశారు. కడుపులో దడ పుడుతుంది, సెంట్ ఐటమ్స్‌లోంచి తీసేయాలనిపిస్తుంది. తీసేయకండి. ఏ రోగుల డేటా వెళ్లిందో చెప్పే ఒకే ఆధారం అదే.

ఈ నాలుగు రాసుకోండి: ఎన్ని గంటలకు పంపారు, ఎవరికి చేరింది, ఎంతమంది రోగులు, ఏ కాలమ్‌లు ఉన్నాయి. టీఎల్‌కి ఫోన్ చేయండి, వెంటనే కంప్లయన్స్‌కు మెయిల్ పెట్టండి. ఆ మెయిల్‌కు ఆ ఫైలునే మళ్లీ జోడించకండి; ఈ రెండో తప్పు చాలామంది చేస్తారు. అవతలివాళ్లను డిలీట్ చేయమని అడగడం, రాతపూర్వకంగా తీసుకోవడం కంప్లయన్స్ చెప్పినట్టే చేయండి.

‘ఇది బ్రీచ్ (రోగి సమాచారం లీకు) కాదులే’ అని మీరు తేల్చకండి. అది తేల్చడానికి నాలుగు అంశాలు చూస్తారు: ఎలాంటి సమాచారం, ఎవరి చేతికి వెళ్లింది, నిజంగా చూశారా, నష్టాన్ని ఎంతవరకు ఆపగలిగారు. ఫైలు నిబంధనల ప్రకారం ఎన్‌క్రిప్ట్ అయి, కీ బయటికి వెళ్లకపోతే నోటీసు అవసరమే పడకపోవచ్చు. బ్రీచ్ అయితే రోగులకు 60 రోజుల్లోపు చెప్పాలి. 500 మంది, ఆపైన అయితే అమెరికా ఆరోగ్య శాఖకూ అంతే సమయం. తప్పు చేసినవాళ్లు కాక ఉద్యోగుల్లో మరొకరికి తెలిసిన రోజే కంపెనీకి తెలిసిన రోజుగా లెక్కిస్తారు. మీరు భయపడి పది రోజులు దాస్తే, ఆ పది రోజులూ నష్టాన్ని ఆపే అవకాశం లేకుండానే పోతాయి. చెప్పిన పొరపాటుకు సాధారణంగా ట్రైనింగో వార్నింగో. దాచిపెట్టిన సంగతి లాగ్‌లో బయటపడితే ఉద్యోగమే.

7. ఉద్యోగం మారేటప్పుడు

పర్సనల్ మెయిల్‌కు ఏదీ ఫార్వర్డ్ చేసుకోకండి, ‘ప్రాక్టీస్ కోసం’ దాచుకున్న చార్టులు కూడా. రెజ్యూమెలో స్పెషాలిటీలు, చార్టుల సంఖ్య, క్వాలిటీ శాతం రాయండి; క్లయింట్ పేరు రాసే ముందు మీ ఎన్‌డీఏ (గోప్యతా ఒప్పందం) చూసుకోండి. ఇంటర్వ్యూలో చిక్కు కేసు చెప్పమంటే రెండో స్టెప్పులో తుంటి ఎముక ప్రశ్నను తిరగరాసినట్టు చెప్పండి. చివరి రోజు లాగిన్లన్నీ ఆపించి, ఆపినట్టు మెయిల్ తీసుకోండి. మీ ఐడీ తెరిచి ఉన్నంతకాలం, మీరు వెళ్లిపోయాక దాన్ని ఎవరు వాడినా లాగ్‌లో పడేది మీ పేరే.